ఇల్లు చూడటానికి వచ్చిన ఆడపెళ్ళివారు

ఇళ్ళు అమ్మించే పనిలోకి ఈ మధ్య కుర్రాళ్ళు బాగా వస్తున్నారు. మంచిదే. వాళ్ళ చేతిలో ఫోను ఉంటుంది, ఫోనులో ఇంటి వీడియో ఉంటుంది, వీడియో వెనక సినిమా పాట ఉంటుంది. నాకున్నదల్లా ఒక పాత స్కూటరూ, ఒక నోరూ. ఆ రెంటిలో స్కూటరే ఎక్కువసార్లు మొరాయించేది. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా, అటు వత్సవాయి నుంచి ఇటు రెడ్డిగూడెం దాకా ఆ స్కూటరు మీదే తిరిగాను. సాయిబుగారు వచ్చారంటే ఎక్కడో ఒక ఇల్లు చేతులు మారబోతోందని జనానికి తెలిసిపోయేది. ఇప్పుడు మోకాళ్ళు కూడా స్కూటరు దారిలోనే నడుస్తున్నాయి కాబట్టి పని మానేసి ఇంట్లో కూర్చున్నాను.

అప్పుడప్పుడు ఈ కుర్రాళ్ళు వచ్చి అడుగుతుంటారు. "బేరాలు లేవు బాబాయ్, కొనేవాళ్ళు దొరకట్లేదు, ఏం చెయ్యమంటావు?" అని. కొనేవాళ్ళ సంగతి తర్వాత, ముందు అమ్మేవాణ్ణి వెతకండి అంటాను. వాళ్ళకి అర్థం కాదు. ఇల్లు అమ్ముతానని నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో నిజంగా అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్ళు సగంమంది కూడా ఉండేవారు కాదు. మిగతావాళ్ళకి తమ ఇల్లు ఎంత గొప్పదో పదిమంది చేత అనిపించుకోవాలని ఉండేది. ధరలు పెరిగే రోజుల్లో అలాంటి వాళ్ళతో కూడా ఎలాగో నెట్టుకురావచ్చు. ధరలు పడిపోయినప్పుడే వాళ్ళతో మన ప్రాణం పోతుంది. నా ప్రాణం అలా పోయి వచ్చిన సంగతి ఒకటి చెబుతాను.

రాజధాని వస్తుందన్న మాట పుట్టినప్పుడు మా జగ్గయ్యపేటలో కూడా ఇళ్ళ ధరలు ఎగిరి కూర్చున్నాయి. రాజధానికీ మాకూ ఎంత దూరమో ఎవరూ ఆలోచించలేదు. తర్వాత ఆ ఊపు చప్పబడింది. ధరలు కిందికి దిగాయి గానీ ఇంటి ఓనర్లు మాత్రం పైనే ఉండిపోయారు. సరిగ్గా అలాంటి రోజుల్లో, దసరా వెళ్ళాక, ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంచార్జిగా చేసి రిటైరైన మనిషి. వచ్చీ రాగానే తలుపు దగ్గరగా వేశాడు, కిటికీలోంచి వీధి చూశాడు, గొంతు తగ్గించాడు. ఏదో పరువు పోయే పని జరిగిందనుకుని నేనూ భయపడ్డాను. చూస్తే, ఇల్లు అమ్మాలట.

కారణం సబబైనదే. ఆయన కొడుకు నందిగామలో ట్రాక్టరు స్పేరు పార్టుల కొట్టు నడుపుతున్నాడు. అద్దె కొట్టు. ఆ బిల్డింగు ఓనరు అమ్మకానికి పెట్టి, ముందు వీళ్ళకే అవకాశం ఇచ్చి, అడ్వాన్సు తీసుకున్నాడు. వేసవి దాటేలోగా మిగతాది కట్టి రాయించుకోవాలి. లేకపోతే అడ్వాన్సూ పోతుంది, బిల్డింగు ఇంకొకరి చేతికి వెళ్తుంది, కొట్టు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. స్పేరు పార్టుల కొట్టుకి రైతులు చోటు గుర్తుపెట్టుకుని వస్తారు. చోటు మారితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అబ్బాయి బతుకంతా ఆ కొట్టులో ఉంది.

"బోర్డు పెట్టకూడదు సాయిబూ. ఫోటోలు తియ్యకూడదు. మా వీధిలో పిట్టకి కూడా తెలియకూడదు" అన్నాడు పెద్దాయన.

"మరి చూడటానికి వచ్చేవాళ్ళని ఏమని తీసుకురమ్మంటారు సార్?"

అది కూడా ఆలోచించుకునే వచ్చాడు. "మావాడికి సంబంధాలు చూస్తున్నాం కదా. ఆడపెళ్ళివారు ఇల్లు చూసుకోటానికి వచ్చారని చెబుదాం."

ఆ మాట విని, నిజం చెప్పొద్దూ, ముచ్చటపడ్డాను. పిల్లనిచ్చేవాళ్ళు ముందుగా వచ్చి అబ్బాయి ఇల్లూ వాకిలీ చూసుకోవడం మావైపు మామూలే. వచ్చినవాళ్ళు గదులన్నీ తిరుగుతారు. మేడ ఎక్కుతారు. బోరులో నీళ్ళెలా ఉన్నాయంటారు. కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో మాటల్లో కూపీ లాగుతారు. ఇల్లు కొనేవాళ్ళు చేసే పని కూడా ఇంతే కదా. ఇక వాళ్ళ వెంట సాయిబుకి ఏం పనని ఎవరైనా అంటే, చుట్టుపక్కల ఊళ్ళలో నాకు తెలియని ఇల్లు లేదు కాబట్టి సంబంధాలు కూడా చెబుతున్నానని చెప్పుకోవచ్చు. అందులో అబద్ధం ఉన్నా అనుమానం రాదు.

అలా మొదలైంది. మొదటగా ఒక టీచరు దంపతుల్ని తీసుకెళ్ళాను. దారిలోనే పాఠం చెప్పాను. వీధిలో ఎవరు అడిగినా మేము ఆడపెళ్ళివాళ్ళం అనాలి, రేటు మాట లోపలికి వెళ్ళేదాకా ఎత్తకూడదు అని. వాళ్ళు బుద్ధిగా తలూపారు. కాకపోతే వాళ్ళ పెళ్ళయి రెండేళ్ళే అయింది. పెళ్ళీడు కూతురు ఉన్నవాళ్ళలా కనపడటానికి ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఆవిడ చేతిలో ఏడాది పిల్లవాడు ఉన్నాడు. వాణ్ణి ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు.

పెళ్ళివారన్నాక పలహారం పెట్టకపోతే వీధికి అనుమానం వస్తుందని, పెద్దాయన భార్య లోపల మిరపకాయ బజ్జీలు వేస్తోంది. పెద్దాయన మాత్రం ఇల్లు చూపించడానికి బదులు సిమెంటు చూపించడం మొదలుపెట్టాడు.

"ఈ స్లాబులో ఉన్న సిమెంటుతో మూడిళ్ళు కట్టొచ్చండి. మేస్త్రీ ఎక్కువైందన్నాడు. నీకు తెలీదు, నువ్వు పొయ్యవయ్యా అన్నాను" అంటూ జేబులోంచి మేకు తీశాడు. జేబులో మేకు పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట. సుత్తితో గోడకి కొట్టాడు. మేకు వంగిపోయింది. "చూశారా? దిగదు" అన్నాడు.

ఆ టీచరమ్మ గోడకేసి చూసి అడిగింది. "మరి క్యాలెండరు ఎక్కడ తగిలించుకోవాలండీ?"

పెద్దాయన ముఖం మాడిపోయింది. ఆయన ఇంట్లో క్యాలెండరు కుర్చీ మీద ఉండేది. అంతవరకూ నేనూ అది గమనించలేదు.

రేటు చెప్పమంటే, ఊపు మీదున్న రోజుల్లో ఎవరో ఒకాయన కారు దిగి అడిగిన రేటు చెప్పాడు. ఆ కారు తెల్లదని, ఆయన సెంటు వాసన వచ్చిందని కూడా చెప్పాడు. టీచరు దంపతులు చెరి రెండు బజ్జీలు తిని మర్యాదగా వెళ్ళిపోయారు.

తర్వాత వచ్చినవాళ్ళందరికీ ఇదే జరిగింది. వంటగది చిన్నదన్న మనిషిని, "మీ ఆవిడ వంట చేస్తుందా, కబడ్డీ ఆడుతుందా?" అన్నాడు. ఒకాయన ఫోనులో దిక్సూచి పెట్టుకుని ఈశాన్యం తగ్గిందంటే, ఫోను పాడైందని తేల్చిచెప్పి, రిపేరు షాపుకి దారి కూడా చూపించాడు. ఒక ముసలావిడ ఇల్లు చాలా బాగుందని మెచ్చుకుంది. ఆవిడకైనా ఇస్తాడనుకున్నాను. ఆవిడ కొన్నాక గోడలకి ఆకుపచ్చ రంగు వేయిస్తానందని ఆవిడకీ వద్దన్నాడు.

"ఆవిడ ఇల్లు, ఆవిడ రంగు, మీకెందుకు సార్?" అన్నాను బయటికొచ్చాక.

"ఈ వీధిలోంచి వెళ్ళినప్పుడు నేను చూడాలి కదా సాయిబూ" అన్నాడు.

ఇల్లు అమ్మకానికి పెట్టిన రోజునుంచి అది కొనేవాడి ఇల్లనుకోవాలి, మనం అందులో అద్దెకున్నామనుకోవాలి అని ఎన్నిసార్లు చెప్పానో. ఆయన వినేవాడు, తలూపేవాడు, మళ్ళీ జేబులోంచి మేకు తీసేవాడు.

ఈలోగా వీధి ఊరుకుంటుందా? ఇంతమంది ఆడపెళ్ళివారు వస్తున్నారు, బజ్జీలు తింటున్నారు, వెళ్ళిపోతున్నారు, ఒక్కరూ ఖాయం చెయ్యడం లేదు. అబ్బాయిలో ఏదో లోపం ఉందని వీధి తీర్మానించింది. ఎదురింటావిడ సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకోమని చెప్పింది. వెనకింటావిడ అబ్బాయిని సన్నబడమంది, పక్కవీధి ఆవిడ లావవ్వమంది. కొట్టుకి వచ్చిన రైతులు బేరింగు కొనుక్కుని, డబ్బులిస్తూ భుజం తట్టి, "ఏం బాధపడమాకు" అని వెళ్ళేవారట. ఆ అబ్బాయి నెమ్మదస్తుడు. తండ్రి పరువు కోసం అన్నీ పడ్డాడు.

నా పరిస్థితి వేరేగా తయారైంది. పెళ్ళికొడుకులకి పిల్లలు దొరకని రోజులివి. అలాంటిది ఒక్క ఇంటికి ఇన్ని సంబంధాలు తెచ్చానంటే నాలో ఏదో మహిమ ఉందనుకున్నారు. జి.కొండూరు నుంచి ఒకాయన కొడుకు ఫోటో, జాతకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను ఇళ్ళ మధ్యవర్తినని ఎంత చెప్పినా నమ్మడు. "మావాడికీ మేడుందండి" అంటాడు. మా ఇంటావిడ అయితే వంటింట్లోంచి వినపడేలా అనేది, "ఊరందరికీ తెస్తున్నారు, మన తమ్ముడి కొడుక్కి మాత్రం ఒక్కటీ కనపడలేదు పాపం" అని.

వీటన్నిటికంటే పెద్ద బాధ పక్కింటాయన. ఆయనకి రెండు లారీలున్నాయి. తమ్ముణ్ణి దగ్గర పెట్టుకోవాలని ఇల్లు వెతుకుతున్నాడు. ఎవరి చేత? నా చేతే. "భాయ్, మా ఇంటికి దగ్గర్లో ఉంటే చూడు, ఎంత దగ్గరైతే అంత మంచిది" అనేవాడు. ఆయన ప్రహరీ గోడకి అవతలే అమ్మే ఇల్లు ఉంది. నేను నోరు కట్టుకుని ఆయన్ని చిల్లకల్లు దాకా ఎండలో తిప్పేవాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక పెద్దాయన్ని బతిమాలాను. పక్కింటాయనకి ఒక్క మాట చెప్పనివ్వండి సార్, రేపే తేలిపోతుంది అని.

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత నేలకేసి చూస్తూ అన్నాడు. "మా నాన్న ఇల్లు అమ్ముకున్నప్పుడు ఊరంతా నిలబడి చూసింది సాయిబూ. సామాను బండికెక్కిస్తుంటే ఒకళ్ళూ మాట్లాడలా. అయ్యో అని కూడా అనలా. చూశారంతే. ఇల్లు అమ్ముకున్నోడి కొడుకంటూ నాకు పెళ్ళయ్యేదాకా అదే పేరు. మావాడికి ఆ పేరు రాకూడదు."

ఆయన మేకులన్నిటి వెనకా ఉన్నది ఇదన్నమాట. చెడి అమ్ముకోవడం వేరు, ఇంకోటి కొనుక్కోవడానికి అమ్మడం వేరు అని చెప్పాలనిపించింది. కానీ ఆ ముఖం చూశాక చెప్పలేకపోయాను. ఎండలు ముదురుతున్నాయి. నందిగామ ఓనరు రెండుసార్లు ఫోను చేశాడు.

ఇక ఆ రోజు సంగతి. నందిగామలో పత్తి వ్యాపారం చేసే ఒకాయన్ని, ఆయన భార్యనీ మధ్యాహ్నం బస్సుకి రమ్మన్నాను. గట్టి బేరం. గడువు దగ్గరపడింది కాబట్టి ఇదే ఆఖరి ఆశ కూడా. వాళ్ళకి బస్టాండులోనే పాఠం చెప్పాను. ఎవరడిగినా ఆడపెళ్ళివాళ్ళం. పత్తి వ్యాపారి మాట తప్పే మనిషి కాదు.

మేము గేటు తీసేసరికి వాకిట్లో అప్పటికే చెప్పులు చాలా ఉన్నాయి. హాల్లో కొత్త మనుషులు కూర్చున్నారు. పెద్దాయన భార్య గుమ్మం దగ్గరికి పరిగెత్తుకొచ్చి నా చెవిలో చెప్పింది. "మా తమ్ముడు నిజం సంబంధం తెచ్చాడండి సాయిబుగారు. రెడ్డిగూడెం నుంచి. ఫోనన్నా చెయ్యలా, సరాసరి తీసుకొచ్చేశాడు."

వెనక్కి తిరుగుదామంటే పత్తి వ్యాపారి ఎండకి తట్టుకోలేక అప్పటికే లోపలికెళ్ళి ఫ్యాను కింద కూర్చున్నాడు. ఆయన భార్య కొనేవాళ్ళ అలవాటు కొద్దీ గోడలు తట్టి చూస్తోంది. రెడ్డిగూడెం పెళ్ళికూతురి తండ్రి వాళ్ళని కిందినుంచి పైదాకా చూసి, మర్యాదగానే అడిగాడు.

"మీరెవరండీ?"

పెద్దాయన జేబులో మేకు కోసం వెతుక్కున్నాడు. నేను దగ్గాను. పత్తి వ్యాపారి మాత్రం ఏమాత్రం తడుముకోకుండా, నేను నేర్పినట్టే, వీధి చివరికి వినపడేలా చెప్పాడు.

"మేము ఆడపెళ్ళివాళ్ళమండి."

పెళ్ళికూతురి తండ్రి లేచి నిలబడ్డాడు. "ఏంటండీ ఇది? ఒకే పూట ఇద్దర్ని కూర్చోబెట్టి బేరం చూస్తారా? మా పిల్లంటే ఏమనుకుంటున్నారు?" అన్నాడు. పెద్దాయన బావమరిది ముఖం పాలిపోయింది. పత్తి వ్యాపారి ఇంకా పాఠంలోనే ఉన్నాడు. "మేము ముందే టైము తీసుకున్నామండి" అన్నాడు.

అప్పుడు లేచాడు అబ్బాయి. ఇన్ని నెలల్లో ఆ ఇంట్లో అతని గొంతు గట్టిగా వినడం నాకు అదే మొదలు.

"నాన్నా, ఇంక చాలు" అన్నాడు. పెళ్ళికూతురి తండ్రి వైపు తిరిగాడు. "కూర్చోండి మావయ్యా. వీళ్ళు ఇల్లు కొనటానికి వచ్చారు. ఈ ఇల్లు అమ్ముతున్నామండి. నందిగామలో నా కొట్టు ఉన్న బిల్డింగు కొంటున్నాం. ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా కూడా ఇంటి కోసమే వచ్చారు. నన్ను ఇంతవరకూ ఒక్కళ్ళు కూడా చూళ్ళేదు, వద్దనలేదు. ఇది మీకు చెప్పకుండా పిల్లనివ్వమని అడగటం నాకిష్టం లేదు."

పెద్దాయన కుర్చీలో కూలబడిపోయాడు. చేతులతో ముఖం కప్పుకున్నాడు. పెళ్ళికూతురి తండ్రి కూర్చోలేదు, వెళ్ళనూలేదు. ఇల్లంతా ఒకసారి కలియజూశాడు. తర్వాత పూర్తిగా వేరే గొంతుతో అడిగాడు.

"అసలు ఎంత చెబుతున్నారేంటి?"

పెద్దాయన ముఖం మీదనుంచి చెయ్యి తియ్యకుండానే చెప్పాడు.

"అంతా?" అన్నారు పెళ్ళికూతురి తండ్రీ, పత్తి వ్యాపారీ ఒక్కసారే. అంతవరకూ శత్రువుల్లా ఉన్నవాళ్ళు ఆ రేటు వినగానే అన్నదమ్ములైపోయారు.

"ఇదివరకు ఒకాయన కారు దిగి అడిగాడండి" అన్నాడు పెద్దాయన, నీరసంగా.

"మళ్ళీ వచ్చాడా?"

"రాలేదు."

"అయితే ఆయన్ని వదిలెయ్యండి. మాకు పొలం ఉంది, నిరుడు వచ్చిన పత్తి రేటు ఈ ఏడు రాలా. నిరుటి రేటు కావాలని పత్తి ఇంట్లో పెట్టుకు కూర్చుంటే ఏమవుద్ది, ఈయన్నడగండి" అని పత్తి వ్యాపారిని చూపించాడు. పత్తి వ్యాపారి గట్టిగా తలూపాడు.

ఈలోగా ప్రహరీ మీద ఒక తల లేచింది. పక్కింటాయన. అబ్బాయి మాటలు ఆయనకీ వినపడ్డాయి. వీధి మొత్తానికీ వినపడ్డాయి.

"ఇల్లు అమ్ముతున్నారా?" అన్నాడు. తర్వాత నావైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "భాయ్! నన్ను చిల్లకల్లు దాకా తిప్పావు గదయ్యా!"

గోడ చుట్టూ తిరిగి వచ్చే ఓపిక లేక దాని మీదనుంచే దూకాడు. ఆయన వయసుకి అది తగని పని. మడమ బెణికింది. కుంటుకుంటూ వచ్చి పెద్దాయన పక్కన కూర్చుని, "నాకొక్క మాట చెబితే పోయేది గదండీ" అన్నాడు. వీధి జనం గేటు దగ్గర మూగారు. పెద్దాయన వాళ్ళవంక భయంగా చూశాడు. చిన్నప్పుడు చూసిన జనమే మళ్ళీ వచ్చి నిలబడ్డారనుకున్నాడేమో. అయితే ఈ జనం ఊరికే చూస్తూ నిలబడలేదు. ఎదురింటావిడ ముందుకొచ్చి, "అబ్బాయి కొట్టు బిల్డింగే కొంటున్నాడా? ఎంత మంచి మాట చెప్పావు బాబూ, నీకేదో లోపముందని మేము మొక్కులు మొక్కుతున్నాం" అంది. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గోలలో పెద్దాయన ముఖం నెమ్మదిగా తేటపడటం నేను చూశాను. అంత సంతోషం నాకు ఏ కమీషనులోనూ రాలేదు.

బేరం అక్కడే, బజ్జీల పళ్ళెం మధ్యలో తెగింది. పక్కింటాయన ఒకటి అన్నాడు, పత్తి వ్యాపారి దాని మీద కాస్త వేశాడు, పెళ్ళికూతురి తండ్రి ఎవరూ అడక్కుండానే మధ్యవర్తిత్వం చేశాడు. నాకు పనే లేకుండా పోయింది. కారాయన రేటు రాలేదు. ఆనాటికి న్యాయమైన రేటు వచ్చింది, నందిగామ బిల్డింగుకి సరిపోయింది. పక్కింటాయనకే ఇల్లు దక్కింది. గడువులోపు అబ్బాయి కొట్టు అబ్బాయిదయింది.

ఆ సంబంధం మాత్రం కుదరలేదు. జాతకాలు కలవలేదని కబురు పెట్టారు. అది జాతకాల మాటో, ఆ రోజు చూసిన గందరగోళం మాటో నాకు తెలియదు. మరుసటి ఏడాది వేరే సంబంధం కుదిరింది. వాళ్ళు ఇల్లు చూడలేదు. నందిగామ వచ్చి, కొట్టు ముందు ఆగిన ట్రాక్టర్లు చూసి, టీ తాగి వెళ్ళి, ఖాయం చేశారు.

రిజిస్ట్రేషను అయ్యాక, ఇల్లు ఖాళీ చేసి నందిగామ మారడానికి పక్కింటాయన నెల టైమిచ్చాడు. ఆ నెలలో ఒకరోజు ఏదో సంతకం పని మీద వెళ్ళాను. పెద్దాయన పెరట్లో, మునగచెట్టు కింద నిలబడి గోడ మీదనుంచి పక్కింటాయన్ని పిలుస్తున్నాడు.

"ఏమండీ, రెండు మునక్కాయలు కోసుకోమంటారా? పులుసుకి."

పక్కింటాయన కంగారుపడిపోయాడు. "అయ్యో, నన్నడగటమేంటండీ. మీ చెట్టే గదా."

"కాదండి. మీది" అన్నాడు పెద్దాయన.

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య నన్ను చూసి అంది.

"విన్నారా సాయిబుగారు? ఈ మాట దసరాకే అని ఉంటే మొదటొచ్చిన టీచర్లే కొనుక్కుని, ఈపాటికి కాపరం పెట్టేసేవాళ్ళు."

పెద్దాయన నవ్వాడు. రెండు కాయలు కోసి ఆవిడ చేతికిచ్చాడు. మూడో కాయ, లేతది, చేతికందేంత కిందికి వేలాడుతోంది. దాన్ని పట్టుకుని చూసి, అలాగే వదిలేశాడు.